దీపం వెలిగించని స్విచ్చి

బిష్కెక్‌లో మా పేటకి మునిసిపాలిటీ వాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని ఉత్తరాల మీద తప్ప ఎవరూ వాడరు. ట్రాలీబస్సు కండక్టరు దగ్గర్నుంచి కూరగాయలమ్మే ఆవిడ దాకా అందరూ గుడ్డివాళ్ళ పేట అనే అంటారు. మేమూ అదే అంటాం, మాకేం నామోషీ లేదు. ఇళ్ళ దగ్గర్నుంచి చూపు లేనివాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీ గేటు దాకా బాట పక్కన నడుమెత్తున ఇనప కమ్మీ ఒకటి పోతుంది. ఒకప్పుడు పొద్దున్నే దాని మీద చేతులు జారుతుంటే కిటికీలు మూసుకున్నా వినపడేది. ఇప్పుడు ఫ్యాక్టరీలో సగం చైనా చెప్పుల గోడౌను అయిపోయింది గానీ కమ్మీ అలాగే ఉంది. దాన్ని పట్టుకోకుండా నడిచే మనిషి పేట మొత్తమ్మీద ఒక్కతే, బురుల్. "అది ఎటు పోతే అటు పోడానికి నేనేమన్నా ట్రాలీబస్సునా?" అంటుంది.

బురుల్ నారిన్ వైపు కొండల్లో గొర్రెల కాపరుల బిడ్డ. చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. తండ్రి ఆమెని గుర్రం మీద ముందు కూచోబెట్టుకుని కొండ దిగి, నగరంలో అంధుల బడిలో వదిలాడు. బడి అయ్యాక ఫ్యాక్టరీ. అక్కడ గోడ స్విచ్చిలు బిగించడం ఆమె పని. స్ప్రింగు, రాగి నాలుక, పైన మూత, చివర్న ఒకసారి నొక్కి చెవి దగ్గర పెట్టుకోవడం. టక్కుమన్న చప్పుడులో ఏ కాస్త తేడా ఉన్నా మూత ఊడదీసి మళ్ళీ బిగించేది. ఫోర్‌మన్ "పర్లేదులే, పోనీ" అంటే, ఆ స్విచ్చిని ఆయన జేబులో పడేసి "అయితే మీ ఇంట్లో పెట్టుకోండి" అనేది. ఒకసారి పెళ్ళయింది. మొగుడు తాగొచ్చి చెయ్యెత్తిన రోజున అతని బూట్లూ కోటూ మెట్ల మీదకి విసిరేసి గడియ పెట్టేసుకుంది. ఆ గడియ ఉన్నది ఫ్యాక్టరీ ఆమెకిచ్చిన ఒంటిగది ఇంటికి, మూడో అంతస్తులో. ఆ ఇల్లంటే బురుల్‌కి ప్రాణం. ఎవరి జాలీ కలవకుండా, తన చేతుల కష్టంతో, తన పేరున వచ్చిన ఇల్లు మరి.

ఫ్యాక్టరీ చతికిలబడ్డాక, యాభై దాటిన వయసులో బురుల్ కంప్యూటరు నేర్చుకుంది. తెర మీది అక్షరాలు చదివి వినిపించే గొంతు ఒకటుంటుంది, అది చెబుతుంటే ఈమె పని చేసుకుపోతుంది. ఒక టైపింగు ఆఫీసు వాళ్ళు కోర్టుల్లో రికార్డు చేసిన వాదనలు పంపుతారు, అవి విని టైపు చేసి తిరిగి పంపాలి. చిక్కల్లా ఒక్కటే. ఆఫీసు వాళ్ళ ప్రోగ్రాం ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే నడుస్తుంది, అందులోని గొంతుకి రష్యన్ తప్ప రాదు. దానిచేత మా కిర్గిజ్ భాష చదివిస్తే దవడ వాచిన మనిషి మాట్లాడినట్టుంటుంది. కిర్గిజ్ చక్కగా చదివే గొంతు ఇంకో సిస్టమ్‌లో ఉంది. అందుకని ఒకే కంప్యూటరు పెట్టెలో రెండూ పెట్టించుకుని, మొదటిదానికి ఇన్‌స్పెక్టరమ్మ అనీ, రెండోదానికి కోడలు పిల్ల అనీ పేర్లు పెట్టుకుంది.

ఇద్దర్లో ఎవర్ని లేపాలో పెట్టె ఆన్ చేయగానే తెర మీద పేర్ల వరస ఒకటి వచ్చి అడుగుతుంది. అడగడమంటే నోటితో కాదు. గొంతులు రెండూ ఇంకా నిద్రలోనే ఉంటాయి కదా, ఆ వరస మూగది. చూపున్నవాడెవడో తయారుచేశాడు, చూపు లేనివాళ్ళు కూడా కంప్యూటరు ఆన్ చేస్తారని వాడికి తట్టనే లేదు. ఈ లోకంలో చాలా వస్తువులు అలాంటివాళ్ళే చేశారు. వాళ్ళని ఎంత తిట్టినా తక్కువే.

అందుకని రోజూ పొద్దున్నే చెల్లెలు కానిషాయ్ వచ్చేది. పిల్లల బడిలో వంట చేస్తుంది. బస్సు దిగి మూడంతస్తులెక్కి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, అక్క కంప్యూటరు దగ్గర మీట నొక్కి, పన్లో పనిగా ఉప్పు డబ్బా ఒకచోట నుంచి ఇంకోచోట పెట్టి పోయేది. ఆ డబ్బా కోసం బురుల్ మధ్యాహ్నం దాకా గూళ్ళన్నీ తడుముకునేది. మధ్యలో రెండో సిస్టమ్ కావాలంటే చెల్లెలు పని నుంచి తిరిగొచ్చే దాకా ఆగాల్సిందే. కానిషాయ్ మంచిదే. ఆ మంచితనం కిందే మనిషికి ఊపిరాడదు.

ఒకసారి కానిషాయ్‌కి జ్వరం వచ్చింది. కింది బాణం మీట ఎన్నిసార్లు నొక్కాలో బురుల్‌కి గుర్తే, తనే నొక్కింది. అంతకుముందు కోడలు పిల్ల తనంతట తాను ఏవో కొత్త మార్పులు దించుకుందనీ, తెర మీది వరస తారుమారైందనీ ఆమెకేం తెలుసు? పెట్టె తన ఒళ్ళు తానే పరీక్షించుకునే ఏదో పనిలో పడింది. దానికి గొంతే లేదు. చచ్చిపోయిందనుకుని బురుల్ పొద్దు పోయేదాకా దాని ముందే కూచుంది. ఆ రోజు పంపాల్సిన పని చేజారిపోయింది, ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి నానా మాటలూ అన్నారు.

మర్నాడు కానిషాయ్ వచ్చి సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చూశావా అక్కా? నేనొక్క రోజు రాకపోతే ఇదీ నీ గతి. ఇంక చాలు. నూరూజ్ పండగ అవగానే మా ఇంటికొచ్చెయ్. వంటింటి పక్క గది ఖాళీ చేయించా, వెచ్చగా ఉంటుంది."

"మరి ఈ ఇల్లు?"

"మా పెద్దాడూ కోడలూ ఉంటారు. ఊరికే పడుంటే ఏం లాభం?"

"నాకు గది, మీ వాడికి ఇల్లు. బాగానే సర్దావే!"

"అవేం మాటలక్కా! కంప్యూటరు ఆన్ చేసుకోవడమే రాదు, ఒక్కదానివీ ఎలా బతుకుతావు? ఎసెన్‌గుల్ మావయ్యతో మాట్లాడేశా. ఆయనే వచ్చి నిన్ను తీసుకెళ్తానన్నాడు."

తల్లి పోయాక ఆ కుటుంబానికి పెద్దదిక్కు ఎసెన్‌గుల్ మేనమామే. ఆయన ఒక మాట అన్నాక దానికి ఎదురు లేదు. కానీ కంప్యూటరు ఆన్ చేసుకోవడమే రాదన్న మాట ఒంటికి కారం రాసినట్టయింది బురుల్‌కి.

చెల్లెలు మెట్లు దిగిందో లేదో, పక్క వాకిట్లో ఉండే మెదెత్‌ని పిలిచింది. ఆయన ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను, ఆయనకీ చూపు లేదు. పెట్టె మూత తీసి లోపల వేళ్ళు పెట్టి తడుముతూ అన్నీ విన్నాడు.

"ఒక డిస్కు మీద రెండు కాపురాలు ఎందుకు బురుల్? రెండు డిస్కులు పెడదాం. ఎవరికి కరెంటిస్తే వాళ్ళే లేస్తారు. రెండోవాళ్ళు ఉన్నట్టు కూడా పెట్టెకి తెలీదు. ఇంక అడగడాల్లేవు, వరసల్లేవు."

"కరెంటు అటూ ఇటూ మార్చడానికి?"

"నీ చేతి సరుకే. మెట్ల దగ్గర పెట్టేవాళ్ళు చూడు, రెండు దారుల స్విచ్చి."

బురుల్ సొరుగులోంచి ఒకటి తీసి, చెవి దగ్గర టక్కుమనిపించి, ఆయన చేతిలో పెట్టింది.

"ఎక్కడ బిగించమంటావు?"

"గుమ్మం పక్కన. దీపం స్విచ్చి ఉంది కదా, దాన్ని పీకేసి అక్కడ పెట్టు. కంప్యూటరు బల్ల ఎలాగూ ఆ గోడకే ఉంది."

ఆ ఇంట్లో బల్బు మాడిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. మెదెత్ నవ్వాడు.

"వచ్చినవాళ్ళు దీపమనుకుని నొక్కుతారే తల్లీ! నడుస్తుండగా నొక్కితే పెట్టె గుండె ఆగిపోతుంది."

"నా ఇంట్లో నాకు కావాల్సిన స్విచ్చి పెట్టుకోడానికి కూడా వచ్చినవాళ్ళని అడగాలా? నా చెయ్యి చీకట్లో వెతక్కుండా పోయేది అక్కడికే. అక్కడే పెట్టు."

పెట్టాడు. పైకి నొక్కితే ఇన్‌స్పెక్టరమ్మ, కిందకి నొక్కితే కోడలు పిల్ల. మర్నాడు కానిషాయ్ వచ్చేసరికి కోడలు పిల్ల గడగడా వాదన చదివేస్తోంది.

"ఎవరు ఆన్ చేశారు?"

"నేనే. ఆ గుమ్మం పక్క స్విచ్చి ముట్టుకోకు. ఇంక రోజూ రానక్కర్లేదు నువ్వు."

కానిషాయ్ ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుంది. "ఇవాళ పని చేసింది సరే. రేపు పాడైతే? మావయ్యకి మాటిచ్చేశామక్కా" అని, దాన్ని ఇంకో గూట్లో పెట్టి వెళ్ళిపోయింది.

నూరూజ్ వెళ్ళింది. ఆ రోజు తడిమంచు కురుస్తోంది, మబ్బు పట్టేసి మధ్యాహ్నమే అందరూ దీపాలు పెట్టుకున్నారట. బురుల్ చేతిలో పెద్ద వాదన ఉంది. ఒక ఆడగుర్రం గురించి ఇద్దరు అన్నదమ్ముల తగువు. సాయంత్రానికల్లా పంపాలి. ముగింపుకొచ్చింది. తలుపు తెరుచుకుంది. అక్క సామాను సర్దడానికి కానిషాయ్ తెచ్చిన ఖాళీ సంచులు మెట్ల మీద ఈడుస్తున్న చప్పుడు, ఆమెకంటే ముందు మావయ్య బూట్ల చప్పుడు.

"ఏమిటే ఈ చీకటి! గుహలో ఉన్నట్టుంది!" అన్నాడు ఎసెన్‌గుల్. ఆయన చెయ్యి గోడ మీద తడిమింది.

టక్.

కోడలు పిల్ల మాట సగంలో తెగిపోయింది. దీపం వెలగలేదు. అందరూ చేసేదే ఆయనా చేశాడు. టక్, టక్, టక్.

"స్విచ్చి పోయినట్టుంది" అన్నాడు.

"మావయ్యా, చెయ్యి తియ్యి!"

ఆ కుటుంబంలో ఆయనతో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు. కానిషాయ్ సంచులు కింద పడేసింది.

"అక్కా! మావయ్యతోనా ఆ మాటలు!"

"అవును, మావయ్యతోనే. అన్నం తిన్న దగ్గర్నుంచి టైపు కొట్టిందంతా పోయింది. నా ఇంట్లో నా బతుకు నడిచే స్విచ్చి అది. మీకు చీకటిగా ఉందని నొక్కేస్తే ఎలా? నన్ను అడగొచ్చు కదా? నేను ఇంట్లోనే ఉన్నానుగా!"

ఎన్నో ఏళ్ళుగా లోపల కుక్కుకున్న కోపం అది.

"ఇందుకే నేను మొత్తుకునేది" అంది కానిషాయ్. "ఒక్క నొక్కుడికే పోయింది. ఇదా నీ ఏర్పాటు?"

"నొక్కింది నేను కాదే. చూపున్నవాళ్ళు." బురుల్ లేచింది. "కూచోండి ఇద్దరూ. కుర్చీ మీకు కుడిచేతి వైపుంది మావయ్యా. టీ ఇస్తా. సాయంత్రం దాకా నాతో మాట్లాడకండి."

టీలో పాలు పోసి, నూనెలో వేయించిన పిండి బిళ్ళల పళ్ళెం వాళ్ళ మధ్య పెట్టింది. గోడ దగ్గరికెళ్ళి స్విచ్చి కిందకే ఉందని వేలితో చూసుకుని పెట్టె ఆన్ చేసింది. ఏ చప్పుడూ లేదు. దెబ్బ తిన్న డిస్కు తనని తాను సరిచూసుకుంటోంది. కానిషాయ్ నిట్టూర్చింది. "పోయిందక్కా. పద." బురుల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఇది లేవకపోతే వంటింటి పక్క గదే, ఉప్పు డబ్బా ఎవరు ఎక్కడ పెడితే అక్కడే. చాలాసేపయ్యాక కోడలు పిల్ల గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి, కిర్గిజ్‌లో "సిద్ధం" అంది.

బురుల్ మొదలుపెట్టింది. రికార్డులో అన్నదమ్ములు అరుచుకుంటున్నారు, ఆమె వేళ్ళు వాళ్ళ వెనకే పరిగెత్తుతున్నాయి, కోడలు పిల్ల ఒక్కో వాక్యం తిరిగి చదువుతోంది. బిగుసుకుని కూచున్న ఎసెన్‌గుల్ ఎప్పుడు ముందుకు వంగాడో తెలీదు.

"ఇంతకీ ఆ ఆడగుర్రం ఎవరిదన్నట్టు?"

"కోర్టు విషయాలు బయటికి చెప్పకూడదు మావయ్యా. టీ తాగు."

"తమ్ముడిదేనే. అన్న మాట వింటేనే తెలుస్తోంది, దొంగ వెధవ."

"మావయ్యా!" అంది కానిషాయ్.

"నువ్వుండవే" అన్నాడాయన.

అయిపోయాక బురుల్ రాసినదాన్ని వేలెడంత పెన్‌డ్రైవులోకి దింపి, పెట్టె ఆపి, గుమ్మం దగ్గరికెళ్ళి స్విచ్చి పైకి నొక్కింది. తిరిగొచ్చి ఆన్ చేసింది. ఇన్‌స్పెక్టరమ్మ రష్యన్‌లో కసురుకుంటూ లేచింది. పని పంపించేసింది. అందింది, రేపటికి ఇంకొకటి ఉందని ఆఫీసు నుంచి జవాబు కూడా వచ్చింది.

ఎసెన్‌గుల్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "మీ అమ్మ మొండిదనుకునేవాణ్ణి. నువ్వు దాన్ని మించావు" అన్నాడు బురుల్‌తో. కానిషాయ్ వైపు తిరిగి, "తగువు తీర్చడానికి నన్నెందుకు పిలిచావే? దీని ఇంట్లోనే కోర్టు నడుస్తోంది. ఇద్దరూ మీరే తేల్చుకోండి" అని, కమ్మీ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

కానిషాయ్ ఖాళీ సంచులు మడత పెడుతూ ముక్కు ఎగబీల్చింది. "నేనేమైనా నీ శత్రువునా అక్కా?"

"కాదే. నా చెల్లెలివి." బురుల్ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వు."

"ఏ తాళంచెవి?"

"నా ఇంటిది. నీ దగ్గరున్నది."

"అయ్యో, నీకేదైనా అయితే?"

"అయితే తలుపు పగలగొట్టు. ఏమీ కాకపోతే తలుపు కొట్టు."

కానిషాయ్ చాలాసేపు ఇవ్వలేదు. తర్వాత గొలుసులోంచి తాళంచెవి విడదీస్తున్న చప్పుడు వినిపించింది. అక్క అరచేతిలో దాన్ని పెట్టి వెళ్ళిపోయింది. బురుల్ గడియ పెట్టుకుంది. గెలిచిన సంతోషం రాలేదు. వెళ్ళి కుర్చీలో కూచుంది.

తలుపు మీద నెమ్మదిగా చప్పుడైంది.

"ఎవరూ?"

"నేనే."

"నేనే అంటే చాలామంది ఉంటారు."

బయట కాలు మార్చి నిలబడ్డ చప్పుడు.

"కానిషాయ్‌ని అక్కా. శాలువా మర్చిపోయా. లోపలికి రావచ్చా?"

ఆ గుమ్మం ముందు నిలబడి ఆ మాట అడిగిన చుట్టం ఇన్నేళ్ళలో ఒక్కరు లేరు.

"వస్తున్నా, ఉండు" అని బురుల్ లేచి వెళ్ళి గడియ తీసింది.