ఆయన బూట్లలో నా కాళ్ళు

మా పెళ్ళిచూపుల్లో ఆయన మేనత్త నా మొహం కంటే ముందు నా పాదాలు చూసింది. మగవాడి పాదాల్లా ఇంతింత ఉన్నాయనీ, ఇది ఒక్క చోట కూర్చునే మనిషి కాదనీ అందరూ వినేటట్టే అన్నది. మహాతల్లి మాట అబద్ధం కాలేదు. ఏదైనా దిగులు పట్టుకుంటే నాకు కాలు నిలవదు. పోయినేడు భాద్రపదంలో అట్లాంటి దిగులే పట్టుకుంది, బూట్ల గురించి.

మా ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు. అంతకు ముందు ఏడాది వెల్దుర్తి దగ్గర మా చేలో తుమ్మముల్లు చెప్పును దాటుకుని పాదంలో దిగితే ఆయనకు తెలియనే లేదు. ఇంటికొచ్చి హాల్లో తిరుగుతుంటే గచ్చు మీద నెత్తుటి మరకలు చూసి నేనే అరిచాను. రెండు నెలలు డ్రెస్సింగులు చేసి, చివరికి కుడికాలి చిటికెన వేలు తీసేశారు. డాక్టరు ఆయనకు కాదు, నాకు చెప్పాడు. ఆ పాదాలకు స్పర్శ పోయింది, తడి తగలకూడదు, రోజూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి అని. ఆ ఎవరో ఒకరు నేనే కదా. అప్పటినుంచీ సాయంత్రం కాగానే ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు చూస్తాను. పుండు మానకపోతే దాని అర్థమేమిటో మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అట్లాంటి మనిషి వేటకు పోతానన్నాడు. చిన్నప్పుడు ఆయనతో కలిసి గుట్టల్లో కుందేళ్ళకు వలలు వేసిన స్నేహితుడొకాయన కెనడాలో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని ఏటా గుర్రమంతేసి దుప్పుల వేటకు పోతాడట. నీళ్ళ మీద దిగే చిన్న విమానం అడవి మధ్య సరస్సులో దించేసి, ఆరు రోజుల తర్వాత వచ్చి ఎక్కించుకుంటుంది. ఫోను పనిచెయ్యదు. నేలంతా చిత్తడి. ఈయన తుపాకి ముట్టుకోడట, వండి పెడతాడట. ఇంట్లో కాఫీ కలుపుకోవడం రాదు! పోట్లాడాను, ఏడ్చాను, రెండు రోజులు మాట్లాడటం మానేశాను.

"వేలు పోయిన కాడ్నుంచి అందరూ నన్ను కూర్చోబెట్టే మాట్లాడతన్నారే," అన్నాడు చివరికి. "ఒక్కసారి నడిచి రానియ్యి."

సరే పొమ్మన్నాను, బూట్లు మాత్రం నేనే ఎంచుతానన్నాను.

స్నేహితుడు ఫోన్లో అన్నీ చెప్పాడు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లే కావాలి. తోలువి ఒకసారి నానితే ఆరు రోజులైనా ఆరవు. ఉన్ని మేజోళ్ళకు లోపల చోటుండాలి. బరువు ఉండకూడదు, ఎందుకంటే ఆ విమానంలో సంచితో పాటు మనిషినీ తూకం వేస్తారు. వచ్చాక ఇక్కడే కొందాంలే అన్నాడు గానీ నేను వినలేదు. కొత్త బూట్లు నా కళ్ళ ముందు ఆ కాలికి అలవాటు పడాలి. నరసరావుపేటలో చెప్పుల కొట్లన్నీ తిరిగాను. సున్నం బట్టీల వాళ్ళు వేసుకునే నల్లబూట్లు చూపించారు, మడమ దగ్గర చెక్కలా ఉన్నాయి. పిడుగురాళ్ల పోతే అక్కడా అవే. వాన కోసం మొగులు చూసే ఊళ్ళలో తడవని బూట్లు ఎవడమ్ముతాడు? ఆఖరికి ఆన్‌లైన్లో తెప్పించాను. ఆకుపచ్చవి, లోపల మెత్తటి గుడ్డ లైనింగు ఉంది.

ఇక్కడే నా అతితెలివి బయటపడింది. మా అమ్మ కుండ కొంటే నిండా నీళ్ళు పోసి ఒక పూట అరుగు మీద పెట్టేది. బయట చెమ్మ కనపడితే తిరిగిచ్చేసేది. నేనూ పొద్దున్నే రెండు బూట్లనూ పంపు కింద పెట్టి అంచు దాకా నింపాను. మధ్యాహ్నానికి కూడా బయట చుక్క లేదు. లోపలి నీళ్ళు బయటికి రాకపోతే బయటి నీళ్ళు లోపలికెట్లా పోతాయి? తెగ సంబరపడి వంపేశాను. చెయ్యి పెట్టి చూస్తే లైనింగు నానిపోయి ఉంది. తలకిందులుగా ఎండకు పెట్టాను, పేపర్లు కుక్కాను, హెయిర్ డ్రయ్యరు పెట్టాను. మూడు రోజులకు ఆరింది.

ఆయన తొడుక్కుని మేడ మీద గంటసేపు నడిచి వచ్చి చానా సుఖంగా ఉన్నాయన్నాడు. సాయంత్రం కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటే బొటనవేలి పక్కన రూపాయి బిళ్ళంత కమిలి ఉంది. బూటు లోపల తడిమి చూశాను. నానిన గుడ్డ ఊడి, సరిగ్గా ఆ చోటే మడత పడింది. ఈ మనిషి కాలిని అడిగి బూటు కొనడం గోడను అడగడమే, ఎంత కరిచినా సుఖంగా ఉందనే చెబుతుంది.

ఇంకో జత తెప్పించాను. ఈసారి వాటిలో నీళ్ళు పొయ్యలేదు, నేనే తొడుక్కుని నీళ్ళ తొట్టిలో నిలబడ్డాను. మా ఇద్దరి పాదాలూ ఒక్కటే సైజు. ఆ మేనత్త ఎత్తిచూపిన వంక ఇన్నేళ్ళకు పనికొచ్చింది. ఉన్ని మేజోళ్ళతో మూడు రోజులు వాటిలోనే ఉన్నాను. ఇల్లు ఊడ్చాను, మెట్లెక్కి దిగాను, చీర కింద ఆకుపచ్చ బూట్లతో కూరగాయల మార్కెట్టుకు కూడా పోయాను. ఇంట్లోకేమన్నా వరదొచ్చిందా వదినా అని పక్కింటావిడ నవ్వింది. రెండో రోజుకు ఎడమ మడమ దగ్గర లోపలి కుట్టు రాసుకుని పొక్కు లేచింది. హమ్మయ్య అనుకున్నాను, కరిచే చోటు దొరికింది. చెప్పులు కుట్టే ఆయనతో అక్కడ మెత్తటి స్పంజిముక్క అతికించి, మళ్ళీ ఒక రోజు నడిచి చూసి, నమ్మకం కుదిరాక మా ఆయనకిచ్చాను. ఈలోగా ఆయన వేలి పక్కన కమిలిన చోటు మానింది. నా పొక్కు సంగతి చెప్పలేదు. పది రోజులు ఆయన వాటితో నడిచాక, రోజూ ఆ పాదాలు చూస్తానని స్నేహితుడి దగ్గర మాట తీసుకుని పంపించాను.

ఫోను లేని ఆ ఆరు రోజులూ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరిగాను. పాలు పొంగిపోనిచ్చాను, తాళాలు పెట్టిన చోటు మరిచిపోయాను. సాయంత్రమైతే ఒళ్ళు ఖాళీగా ఉండేది, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నేనే ఆ బూట్లిచ్చి పంపాను, ఏమన్నా అయితే నన్ను నేను క్షమించుకోలేను.

ఏడో రోజు వీడియో కాల్ వచ్చింది. గడ్డం పెరిగి, మొహమంతా నవ్వుతో ఉన్నాడు. దుప్పి దొరికిందో లేదో నేను అడగలేదు.

"ముందు కాళ్ళు చూపించండి," అన్నాను.

ఒక్కో పాదమూ ఫోను ముందు పెట్టాడు. తొమ్మిది వేళ్ళూ, సందులూ, అరికాళ్ళూ, మడమలూ చూశాను. ఒక్క గీత లేదు. ఏడుపొచ్చేసింది.

"ఇప్పుడు నీ మడమ చూపియ్యి," అన్నాడు. బూటులో స్పంజిముక్క చేతికి తగిలినప్పుడే ఆయనకు సంగతి అర్థమైందట. ఎప్పుడో మానిపోయిందన్నాను. ఆయన ఊరుకోలేదు. కాలెత్తి పెట్టక తప్పలేదు. పెట్టాక నేనూ చూశాను. పొక్కు లేచి మూడు వారాలు దాటింది, ఇంకా తడిగానే ఉంది, చుట్టూ ఎర్రగా ఉంది. ఆయన కాళ్ళ ఆత్రంలో పడి నా కాలు నేను చూసుకోనే లేదు.

ఆయన ఫోను మొహం దగ్గరికి లాక్కుని చూశాడు.

"రేపు పొద్దున ఏం తినకుండా ల్యాబుకి పో," అన్నాడు. "నేనొచ్చిందాకా చెప్పుల్లేకుండా నడవమాక."