ఆయన వాటా సద్ది

నా ఎడమ కిడ్నీ ఏడేళ్లుగా మా ఆయన కడుపులో పనిచేస్తోంది. ఇచ్చినప్పుడు నాకు అరవై ఒకటి, ఆయనకు అరవై నాలుగు. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఆపరేషన్ అయిన నాటి నుంచి రోజుకొక అంకె చొప్పున నోటుబుక్కులో వేస్తూ వచ్చాను. నలభై మూడో అంకె చుట్టూ ఎర్ర సున్న ఉంటుంది. అది నా తప్పుకు నేను పెట్టుకున్న గుర్తు.

మాది బద్వేలు. రాత్రి మిగిలిన రాగిసంగటి ముద్దను నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ పోసి పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగడం మా ఇళ్లలో మామూలు. దాన్ని సద్ది అంటాం. ఒంటికి చలవ అని మా నమ్మకం. కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా ఇచ్చే మాత్రలతో ఆయన కాలిపోతున్నానని అనేవాడు. మిగిలినవి పెట్టొద్దని డాక్టరు ముందే చెప్పాడు. ఫ్రిజ్‌లో ఉంటే అది మిగిలినది కాదులే అని నాకు నేనే ఒక మినహాయింపు ఇచ్చుకున్నాను. రెండు రోజుల సద్ది ఫ్రిజ్‌లోంచి తీసి ఆయనకు పెట్టి, నేనూ తాగాను. నాకేమీ కాలేదు. ఆయనకు నలభై మూడో రోజు చలిజ్వరం పట్టుకుంది, మాట తడబడింది.

కర్నూలు ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. రక్తంలో బాక్టీరియా చేరిందన్నారు.

"ఒకే గిన్నెలోది ఇద్దరమూ తాగినాం కదప్పా, నాకెందుకు రాలేదు?" అని డాక్టరును నిలదీశాను.

"నీ ఒంట్లో కాపలా ఉండాదమ్మా. ఆయన కాపలాను మేమే మాత్రలిచ్చి పండబెట్టినాం. ఇట్లాంటివి అదను చూసి దూరతాయి. కొన్ని ఫ్రిజ్జు చలికి కూడా చావవు, మెల్లగా పెరుగుతాంటాయి."

సద్దిలోంచే వచ్చిందా అంటే ఖాయంగా చెప్పలేనన్నాడు. నేను మాత్రం ఎర్ర సున్న చుట్టాను.

ఆనాటి నుంచి మా ఇంట్లో సద్ది నానలేదు. పొయ్యి మీద నుంచి దించిన సమయం సుద్దముక్కతో మూత మీద రాస్తాను. గంటలోపల, వేడిగా ఉండగానే ఆయన తినాలి. కోసి ఉంచిన పండ్లు, బయటి చట్నీ, కాచని పాలు దగ్గరికి రానివ్వను. పెళ్లిళ్లకు కూడా మా వంట మేమే పట్టుకుపోతాం. చాదస్తమని నవ్వుతారు. నవ్వుకోనీ.

పోయిన ఎండాకాలం కర్నూలు పక్క ఆత్మకూరు నుంచి మా పెద్దాడబిడ్డ వచ్చింది. తెల్లవారి ఆరింటికి బస్సెక్కి, ఐదు గంటలు ఒళ్లో స్టీలు క్యారియరు పెట్టుకుని, తమ్ముడి కోసం సద్ది తెచ్చింది.

"తాగు నాయనా, చలవ. నీ పెండ్లాం మాత్రలతో నిన్ను మాడుస్తాంది."

ఆయన చేయి క్యారియరు మీదికి పోయింది. గొంతు కదలడం చూశాను.

"పెట్టద్దు వదినా," అన్నాను.

"ఏమ్మే, నేనేమన్నా విషం తెచ్చినానా? మాయమ్మ చేసినట్లే చేసినా. ఇంతమందిమి తాగి బతకలేదా?"

"బతికినాం. ఈయప్ప ఆ ఇంతమందిలో లేడు. రాత్రి ఎన్నింటికి నానేసినావు?"

"గంటలెవరు చూసినారే! టీచరమ్మవి, నువ్వే చూడు."

"చూస్తాండా. ఎనిమిదికి అనుకో. ఇప్పుడు పదకొండు. పదహైదు గంటలు. అందులో ఐదు ఈ ఎండలో."

ఆమె కళ్లొత్తుకుంది. "తమ్మునికి నేను పరాయిదాన్నైతినా? కడుపు వానిది, నడమ నీదేంది?"

"కడుపు ఆయప్పదే. కిడ్నీ నాది."

ఆయన పకపకా నవ్వాడు. చేయి మాత్రం తీయలేదు. "ఒక్క గుక్కే," అన్నాడు.

క్యారియరు లాక్కున్నాను. అప్పుడే దించిన సంగటి, పప్పు తెచ్చి ఆయన ముందు పెట్టాను. మూత మీద పదకొండూ ఐదు అని రాసి ఉంది. తర్వాత ఆడబిడ్డకు ఎదురుగా కూర్చుని, ఆమె తెచ్చిన సద్దిని పచ్చిమిరపకాయ నంజుకుంటూ అడుగు కనిపించేదాకా తాగాను. ఈ వయసులో నాకూ మంచిది కాదని డాక్టరంటాడు. ఆ లెక్క నేను చూసుకుంటాను.

"శానా బాగుండాది వదినా. ఇది ఈయప్ప వాటా. ఈ ఇంట్లో ఆ వాటా నేనే తాగుతా. మళ్లీ తీసుకురా."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "మొండిదానివి," అంది. కాసేపటికి తమ్ముడి పళ్లెం వైపు తిరిగింది.

"ఏం చూస్తాండావు నాయనా? తిను, ఆరిపోతాది."