సలహాలక్క రాసిన మౌనం

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, బ్యాంకు కౌంటర్లో తప్ప ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. తెలిసినవాళ్లందరికీ ఆమె సలహాలక్క. ఇరవై రెండేళ్లు బడిలో కౌన్సెలర్‌గా పనిచేసింది. ఏడుస్తూ వచ్చిన పిల్ల కళ్లు తుడుచుకునేలోపే నాలుగు ఉపాయాలు చెప్పి పంపేసేది. నోట్లో నువ్వుగింజ నానదు. లిఫ్టులో పక్కనున్న మనిషి తుమ్మితే చాలు, మూడో అంతస్తు వచ్చేలోపు ఆవిరి ఎలా పట్టాలో, దిండు ఎంత ఎత్తు పెట్టుకోవాలో వివరించేది. మనసు మంచిదే. నాలుకకే బ్రేకుల్లేవు.

అలాంటి మనిషి యాభై ఒకటో ఏట ఉద్యోగం మానేసి మరీ మనోవిశ్లేషణ చికిత్సలో పైశిక్షణకు చేరింది. అక్కడ మొదటి పాఠం ఏమిటంటే, వచ్చినవాళ్లు తమ బాధను తమ మాటల్లోనే వెతుక్కోవాలి. చికిత్స చేసేవాళ్లు వినాలి, సలహా ఇవ్వకూడదు. ఈ సంగతి తెలిసి ఆమె భర్త, గడియారాలు బాగుచేసే ఆయన, కంటికి బిగించిన భూతద్దం తీసి మరీ అడిగాడు.

"అసలు నిన్నెలా చేర్చుకున్నారు?"

ఆయన అనుమానం ఊరికే పోలేదు. మొదటి ఏడాది అప్పగించిన పేషెంటు మూడో వారానికే మానేశాడు. "అన్నీ మీరే చెప్పేస్తున్నారు కదండీ, మధ్యలో నేనెందుకు?" అని ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఒకే మనిషిని నలభై వారాలు చూస్తే గాని శిక్షణ పూర్తవదు. రెండోసారి కూడా తప్పితే ఇక తలుపులు మూసుకున్నట్టే. ఏ మొహం పెట్టుకుని మళ్లీ బడికి వెళ్లాలన్నది ఆమె బెంగ.

రెండో పేషెంటు ఒక టైలరమ్మ. మిషను ముందు కూర్చుంటే ఆమెకు చేతులు వణుకుతాయి. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. గురువారం పదకొండింటికి వచ్చి, మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి, కుర్చీ అంచున కూర్చునేది. సలహాలక్క రెండు నిమిషాలు బుద్ధిగా వినేది. మూడో నిమిషంలో స్టూలు ఎత్తు మార్చమనేది. పదో నిమిషానికి టైలరమ్మ వదినను ఎలా దారికి తేవాలో చెబుతూ ఉండేది.

గదిలో కాగితం, కలం పట్టకూడదు. పేషెంటు వెళ్లాక ఇద్దరూ అన్న ప్రతి మాటా జ్ఞాపకం మీద రాసి, సోమవారం పర్యవేక్షకురాలికి చూపించాలి. ఇక్కడే సలహాలక్కకు ఒక దారి దొరికింది. టైలరమ్మ మాటలు పొల్లుపోకుండా రాసేది. తన మాటలు రావాల్సిన చోట మాత్రం "నేను మౌనంగా ఉన్నాను" అని రాసేది.

పర్యవేక్షకురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. సలహాలక్కను "అమ్మాయ్" అని పిలవగలిగింది ఆవిడొక్కతే. ఇరవై రెండు వారాలు ఏమీ అనకుండా చదివింది. ఇరవై మూడో సోమవారం కళ్లజోడు పైకి తోసుకుంది.

"అమ్మాయ్, ఇక్కడ నువ్వు మౌనంగా ఉన్నావు."

"అవును మేడం."

"వెంటనే ఆమె, ‘సరేనండి, రేపట్నుంచి చేతులు గోరువెచ్చని నీళ్లలో పెడతాను’ అంది."

"అవును మేడం."

"దేనికి సరే అంది?"

పెద్దావిడ తీరిగ్గా పేజీలు తిప్పింది.

"ఇక్కడ, ‘సరేనండి, స్టూలు మార్పిస్తా.’ ఇక్కడ, ‘సరేనండి, మా వదినతో మీరన్నట్టే మాట్లాడతా.’ నీ మౌనం చాలా వివరంగా ఉందమ్మాయ్."

నవ్వాలో ఏడవాలో తెలియక సలహాలక్క ఏడ్చింది. పెద్దావిడ మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"మాట్లాడితే మాట్లాడానని రాయి, దానికి మందుంది. ఇంకో అబద్ధం కనిపిస్తే మాత్రం నీ ఫైలు మూసేస్తాను."

ఆ గురువారం సలహాలక్క పళ్లు బిగించి కూర్చుంది. టైలరమ్మ కాసేపు చూసింది.

"ఒంట్లో బాలేదా మేడం?"

"ఊఁ... బాగానే ఉంది."

గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకబడి ఉంది. దానికి బ్యాటరీ మార్చమని చెప్పాలని కూడా ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. నాలుక చివర పదకొండు సలహాలు వచ్చి నిలబడ్డాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని అన్నీ మింగేసింది.

"ఒక మాట చెప్పనా మేడం?" అంది టైలరమ్మ చివరికి. "మీరు చెప్పినవేవీ నేను చేయలేదు."

"ఊఁ."

"మా అమ్మకీ ఇలాగే సరే అనేదాన్ని. వదినకీ సరే, బట్టలు ఇవాళే కావాలన్నవాళ్లకీ సరే. కాదంటే ఇంక నా మొహం చూడరని భయం." ఒళ్లో ఉన్న చేతులు చూసుకుంది. "నాకంటే ఇవే నయం. ఇష్టం లేకపోతే వణుకుతాయి."

సలహాలక్కకు సిగ్గేసింది. ఇరవై మూడు వారాలుగా ఆ సరేలు తీసుకున్నవాళ్లలో తనూ ఒకతె. ఓదార్చాలని నోటిదాకా వచ్చింది. "ఊఁ" అని మాత్రం అంది.

సమయం అయ్యాక టైలరమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"వచ్చే గురువారం నేను రానండి. నాకు కుదరదు." అనేసి, తనే బెదిరిపోయి చూసింది. "ఆపై వారం వస్తా."

రెండో పేషెంటూ పోతోందేమోనని సలహాలక్కకు భయం వేసింది. ఎందుకు, ఏమిటి, ఎక్కడికి అని నాలుక దురద పెట్టింది.

"అలాగే" అంది.

సోమవారం పెద్దావిడ చేతిలో పెట్టిన కాగితాల్లో సలహాలక్క మాటలన్నీ కలిపితే ఒక పంక్తి కూడా కావు. ఆవిడ రెండుసార్లు చదివి, కొనసాగించవచ్చని సంతకం పెట్టింది.

"మింగిన సలహాలన్నీ ఏం చేశావమ్మాయ్?"

"ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పేశాను మేడం."

ఆ సాయంత్రం కూడా భర్త దుకాణంలో అడుగుపెడుతూనే మొదలుపెట్టింది. "ఏవండీ, ఈ బల్ల కిటికీ దగ్గరికి జరపండి. దీపం ఎడమవైపు పెట్టుకోండి. మెడ అలా వంచకండి."

"సరే" అన్నాడాయన తల ఎత్తకుండా.

సలహాలక్క ఆగిపోయింది. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. బల్ల అక్కడే ఉంది, దీపం కుడివైపే ఉంది.

"నిజంగా సరేనా?"

ఆయన భూతద్దం తీశాడు. అడిగింది ఈమేనా అన్నట్టు చూశాడు. ఆమె ఇంకేమీ అనలేదు. చేతిలోని గడియారాన్ని పక్కన పెట్టడానికే ఆయనకు చాలాసేపు పట్టింది.

"కాదు" అన్నాడు.

సలహాలక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఊఁ" అంది.