నాయనమ్మ టీవీని విడిగా కట్టిన రోజు

నా చిన్నప్పుడు నేరేడుచర్ల దగ్గర మా ఊళ్లో టీవీ ఉన్న ఇల్లు మాదొక్కటే. నలుపు తెలుపు పెట్టె. ఆదివారం సాయంత్రం సినిమా వేస్తే మా వాకిలి నిండిపోయేది. అలాంటి టీవీకి ఒక ఎండాకాలం ఉన్నట్టుండి ఏమైందో ఏమో, బొమ్మంతా చుక్కలే, గర్రుమని ఒకటే చప్పుడు.

దాని కోసం నా పొట్టేలును అమ్మేదాకా వచ్చింది వ్యవహారం. తల్లి చచ్చిపోతే నేను సీసాతో పాలు పట్టి పెంచిన పిల్ల అది. బడి గడప దాకా నా వెంటే వచ్చేది. మిర్యాలగూడ నుంచి టీవీల షాపతను వచ్చి, "పాతది బంద్ చేసి దగ్గర్ల కొత్త టవర్ పెట్టిన్రు. పాత పెట్టెకు అది అందదు. టీవీ, యాంటెన్నా రెండూ మార్చాలె" అన్నాడు. మా నాయన గంగిరెద్దులా తల ఊపాడు. పైకానికి పొట్టేలు పోవాల్సిందే అన్నాడు. నేను దాని మెడ పట్టుకుని కూర్చున్నాను. ఎవరు పిలిచినా లేవలేదు, అన్నం ముట్టలేదు.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. బతుకంతా గొర్రెల వెంట నడిచిన మనిషి. మందలో ఒక గొర్రె మేత ముట్టకుండా దగ్గుతుంటే మా వాళ్లు వెంటనే తెగనమ్మరు. దాన్ని విడిగా తీసి మంచి మేత దగ్గర కడతారు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని తెచ్చి అది ముట్టని ఆ అనుమానపు మేత దగ్గర కడతారు. రెండు రోజులు చూస్తే జబ్బు గొర్రెలో ఉందో మేతలో ఉందో తేలిపోతుంది.

ఆ పూట నన్నూ పొట్టేలునూ చూసి ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అమ్మెటోని మాట పట్టుకొని నా మనవరాలి పొట్టేలును కోతకు పంపుతవారా? సామాను తెచ్చి గీడ పెట్టుమను. సూసినంకనే మాట" అని నాయనను కసిరింది.

మరునాడు షాపతను కొత్త టీవీ, యాంటెన్నా తెచ్చాడు. యాంటెన్నాను మిద్దె మీద మా పాతదాని పక్కనే కొత్త టవర్ దిక్కు బిగించి, తీగ కిందికి దింపాడు. దాన్ని కొత్త టీవీకి కలపబోతుంటే నాయనమ్మ అడ్డం నిలబడింది.

"ఆగు బిడ్డా. ముందుగాల నీ పెట్టెకు మా తీగ కట్టు."

"గట్ల కడితే బొమ్మ ఎట్లొస్తదవ్వా?" అని సణిగాడతను.

"రాకుంటే రాదు. కట్టు!"

కట్టాడు. తళతళలాడే ఆ కొత్త టీవీలోనూ అవే చుక్కలు, అదే గర్రు. "ఇగ మా పెట్టెకు నీ తీగ కట్టు" అంది. కట్టగానే మా ముసలి టీవీలో వార్తలు చదివే ఆమె ముక్కుపుడకతో సహా కనబడింది. వాకిట్లో జనం గొల్లున నవ్వారు.

"సూసినవారా? పెట్టె బంగారమసొంటిది" అని నాయనమ్మ మా నాయనను మిద్దె ఎక్కించింది. మా యాంటెన్నా ఇంకా పాత టవర్ దిక్కే ఉంది. దాన్ని కొత్త దిక్కుకు తిప్పాక మా తీగతోనే బొమ్మ వచ్చేసింది. షాపతను తన యాంటెన్నా విప్పుకుని సామాను సర్దుకున్నాడు. నాయనమ్మ అతనికి చల్ల పోసి మరీ సాగనంపింది. నేను పొట్టేలు మెడ మీద పడి సంతోషంతో ఏడ్చాను. అది ముసలిదై మా దొడ్లోనే పోయింది.

ఇప్పుడు కోదాడలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న వాడు, "అమ్మా, ఇకముందు గాల్లో కొత్త రకం ప్రసారాలు వస్తాయంట. ఈ టీవీ పనికిరాదంట. ఆఫర్ ఉంది, మార్చేద్దాం" అన్నాడు. వచ్చినయా అని అడిగితే ఇంకా లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. రాని చుట్టం కోసం ఉన్న మంచం పారేస్తానా?

కొత్తదంటే నాకు పగేం లేదు. నిజంగా అవసరం పడ్డనాడు నేనే దగ్గరుండి కొనిపిస్తాను. కాలం మారిందని బెదిరిస్తే మాత్రం జడిసేదాన్ని కాను. ఎవరైనా నా పాతదాన్ని పనికిరాదంటే, ఈ వయసులో కూడా నా చేయి ముందు ఆ పొట్టేలు మెడ కోసం వెతుక్కుంటుంది. ఆ వెంటనే నోరు లేస్తుంది. కొడుక్కీ అదే చెప్పాను: "ఆ ప్రసారాలు రానీ. అప్పుడు కొత్తది తెచ్చి, ముందుగాల నీ పెట్టెకు మా తీగ కట్టు."