మరియానా చెప్పి ఉంటుంది

ఒక చిన్న అబద్ధం గురించి రాస్తున్నాను. చిన్నదని నేనే అంటున్నాను. దాదాపు పదేళ్ళుగా గొంతులో చేపముల్లులా ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. నా భార్యకు తెలియదు. స్నేహితులకు అసలే తెలియదు, వాళ్ళ లెక్కలో నేను సరదా మనిషిని. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదని దయచేసి ముందే గమనించండి.

టెక్సస్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజులవి. మా యూనివర్సిటీ విద్యార్థుల్ని చుట్టుపక్కల స్కూళ్ళకు వాలంటీర్లుగా పంపేది. చదవడంలో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని చదివించాలి. జీతం ఉండదు. సేవాభావంతో చేరానని రాయాలని ఉంది. రెజ్యూమేలో ఒక మూల బోసిగా ఉంటే చేరాను. మెడలో వేసుకోవడానికి ఒక ట్యాగ్ ఇచ్చారు. దాని మీద ‘మెంటర్’ అని ఉండేది. అది చూసి మా రూమ్మేట్లు వారం రోజులు నవ్వారు. వాళ్ళు మనుషుల్ని బాగా అంచనా వేస్తారు.

నాకు అప్పగించిన పిల్ల పేరు సహస్ర. నాలుగో తరగతి. వరంగల్ నుంచి వచ్చి ఏడాది దాటింది. నత్తి. తెలుగులో కొంత, ఇంగ్లీషులో చాలా. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు బిగించి నిలబడేది. ఆ స్కూల్లో ఆమెకున్న స్నేహితురాలు ఒక్కతే, మరియానా. ఇంట్లో స్పానిష్ మాట్లాడుకునే పిల్ల. సహస్ర నోట్లోంచి మాట వచ్చేదాకా మరియానా ఎంతసేపైనా ఊరికే చూస్తూ కూర్చునేది. మధ్యలో అందించేది కాదు, తొందరపెట్టేది కాదు. నేనైతే గోడ గడియారం చూసేవాణ్ణి.

ఒకరోజు సహస్ర లెక్క చేసుకుంటూ తనలో తాను ఎక్కం అప్పజెబుతోంది. వరంగల్ బడిలో అందరితో కలిసి నేర్చుకున్న రాగం, ముందుకీ వెనక్కీ ఊగుతూ. ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళ పద్నాలుగు. ఎక్కడా ఆగలేదు. నాకేం తోచిందో గానీ, ‘ఇంగ్లీషు కూడా ఇదే రాగంలో చదువు’ అన్నాను. చదివింది. ఆర్మడిల్లో అనే జంతువు గురించి పేజీడు పాఠం, ఏడో ఎక్కం రాగంలో, ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగకుండా. మరియానా బల్ల మీద వేళ్ళతో తాళం వేసింది. పేజీ అయిపోయాక ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా వల్ల ఒకరికి ఉపయోగం కలగడం నాకు కొత్త.

ఏడాది చివర్లో ప్రతి పిల్లా తరగతి ముందు నిలబడి, ఒక జంతువు గురించి తాను రాసింది చదవాలి. తల్లిదండ్రులు వస్తారు. సహస్ర భయమంతా ఆ రోజు గురించే. ఆశ కూడా. రాగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చి, ఆ రోజుకల్లా మామూలు మాటలా వినిపించేట్టు చెయ్యాలన్నది మా పథకం. అప్పటిదాకా బయట ఎవరికీ తెలియకూడదు. ఆ షరతు సహస్రదే. లైబ్రరీ వెనక చిన్న గదిలో ముగ్గురం ఒట్టు వేసుకున్నాం. వాళ్ళిద్దరూ సీరియస్‌గా వేశారు.

ఇక నా సంగతి. ఆ స్కూలు దగ్గర్లోనే, ఫ్రిస్కో అనే ఊళ్ళో ఒక తెలుగు అంకుల్, ఆంటీ ఉండేవారు. వీకెండ్‌లో మాలాంటి స్టూడెంట్లకు ఇంటి భోజనం పెట్టేవారు. వాళ్ళ అబ్బాయి పుట్టినరోజు వచ్చింది. మేం కుర్చీలు మోశాం, బిర్యానీ ట్రేలు సర్దాం. నాకు అదనంగా ఇంకో డ్యూటీ ఉండేది, మిమిక్రీ. ఇమిగ్రేషన్ ఆఫీసర్, మా ప్రొఫెసర్, వీడియో కాల్‌లో నుదురు మాత్రమే కనిపించే మా అమ్మ. అన్నీ పాతవే. నవ్వులు పల్చబడుతున్నాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మర్యాదకు నవ్వుతుంటే ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు.

“కొత్త సరుకేం లేదా తమ్ముడూ? ఇది పోయినసారిదే కదా!” అన్నాడు అంకుల్.

ఉంది. ‘మా స్కూల్లో ఒక పాప’ అని మొదలుపెట్టాను. ముందు నత్తి. కళ్ళు మూసుకోవడం, పెదవులు బిగించడం, ఏదీ వదల్లేదు. పరిశీలన బాగుందని తర్వాత మెచ్చుకున్నారు. ఆ పైన ఎక్కాల రాగంలో ఆర్మడిల్లో, ఊగుతూ. ఒక ఆంటీ కళ్ళల్లో నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాను. పేరు మాత్రం చెప్పలేదు. నా నీతి అంతవరకు పనిచేసింది. ముందు కార్పెట్ మీద కూర్చున్న పిల్లల్లో చాలామంది ఆ స్కూలు వాళ్ళే. ఆ స్కూల్లో అలా మాట్లాడే పిల్ల ఒక్కతే. ఇది నాకు తెలియదా? ఆ క్షణంలో తోచలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. తోచింది. ఆ పాప ఎవరో గుర్తుపట్టిన ఆనందం వాళ్ళ మొహాల్లో కనిపించింది. అది చూసి కూడా ఆపకపోగా, గొంతు ఇంకాస్త పెంచాను.

ఆ తర్వాత స్కూలుకు వెళ్ళిన రోజు సహస్ర పుస్తకం తెరవలేదు. పక్కనే మరియానా, తాళం వెయ్యడానికి సిద్ధంగా, వేళ్ళు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. సహస్ర నాతో తెలుగులో మాట్లాడింది. మాటలు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఇక్కడ నత్తి తీసేసి రాస్తున్నాను. దాన్ని ఇంకోసారి చెయ్యను.

“అన్నా, వాళ్ళకెట్ల తెలిసింది?”

“ఎవరికి? ఏంటి?”

“మన పాట. లంచ్‌లో అందరూ పాడిన్రు. నా లెక్క ఊగిన్రు. మనం ముగ్గురమే కద అన్నా, ఎవరు చెప్పిన్రు?”

ఆ పిల్లే నాకు దారి చూపించింది.

“నువ్వైతే చెప్పవ్, నాకెరుకే.”

“మరియానా చెప్పి ఉంటుంది” అన్నాను.

తన పేరు వినగానే మరియానా తలెత్తి నవ్వింది. తెలుగు ఆమెకు రాదు. మేం ఆమెను మెచ్చుకుంటున్నాం అనుకుందేమో. నేనూ నవ్వాను.

“మరియానా అట్ల చెయ్యదన్నా.”

“ఏమోనమ్మా. చిన్నపిల్ల కదా, ఏదో నోరు జారి ఉంటుంది. వదిలెయ్.”

సహస్ర వదిలెయ్యలేదు. కుర్చీ మరియానాకు కొంచెం దూరంగా జరుపుకుంది. అంతే. పెద్ద గొడవేం జరగలేదు. గొడవ జరిగి ఉంటే మరియానా తను చెప్పలేదని అరిచి ఉండేది, నిజం ఎలాగోలా బయటపడేది. సహస్రకు గొడవపడటానికి మాటలు లేవు. ఆ సంగతి నాకు తెలుసు. నా అబద్ధం నిలబడింది దానిమీదే.

ఎందుకు చేశాను? వీసా పోతుందనా? పదేళ్ళ పిల్లకు సారీ చెబితే స్టేటస్ పోతుందని ఏ రూలూ లేదు, వెతికితే దొరుకుతుందేమో గానీ నేను వెతకలేదు. మహా అయితే వాలంటీర్ పనిలోంచి తీసేసేవారు. రెజ్యూమేలో ఆ మూల మళ్ళీ బోసిపోయేది. కారణం అది కూడా కాదనుకుంటాను. ఆ గదిలో ఇద్దరు పిల్లలు నన్ను మంచివాడనుకునేవారు. అలా అనుకునేవాళ్ళు నాకు ఎక్కువ మంది లేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి, ఇద్దరిలో నిజంగా మంచిదాన్ని అమ్మేశాను.

తరగతి ముందు చదవాల్సిన రోజు వచ్చింది. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. సహస్ర కాగితం పట్టుకుని ముందుకు వచ్చింది. వాళ్ళ అమ్మ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. సహస్ర కళ్ళు మూసుకుంది. పెదవులు బిగించింది. ఎవరూ నవ్వలేదు, అంతా ఎదురుచూస్తున్నారు. అప్పుడు రెండో వరసలోంచి చిన్న చప్పుడు వినిపించింది. మరియానా. కొన్ని వారాలుగా తనతో మాట్లాడని పిల్ల కోసం డెస్క్ మీద వేళ్ళతో తాళం వేస్తోంది. పాత తాళం, పాత వేగం. సహస్ర కళ్ళు తెరిచి ఆ వేళ్ళ వైపు చూసింది. వెక్కిరిస్తోందనుకుంది. ఇంకేమనుకుంటుంది? అలా అనుకునేట్టు నేర్పింది నేను. కాగితం టీచర్ చేతిలో పెట్టి వెళ్ళి కూర్చుంది. మిగతాది టీచర్ చదివింది. వాళ్ళ అమ్మ ఫోన్ కిందికి దించింది. మరియానా మాత్రం తాళం వెంటనే ఆపలేదు. ఒక్కసారి, మళ్ళీ ఒక్కసారి కొట్టి, అప్పుడు చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

అందరూ వెళ్ళాక టీచర్ నన్ను అడిగింది, ఈ ఇద్దరి మధ్యా ఏమైనా జరిగిందా అని. ఈ వయసు ఆడపిల్లలు ఇంతే కదా అన్నాను. ఆమె తల ఊపింది. ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో, మీరు ఎవరికైనా సాయం చేసిన సందర్భం చెప్పండి అంటే, ఎక్కాల రాగం కథ చెప్పాను. ముగింపు మార్చాను. నా కథలో ఆ పిల్ల చదివింది, హాలంతా చప్పట్లు కొట్టింది. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేను తింటున్నది ఆ చప్పట్లే.

ఆ వేసవిలో సహస్ర వాళ్ళ నాన్నకు సియాటిల్ వైపు ప్రాజెక్ట్ వచ్చింది. బాతెల్‌లో ఇల్లు తీసుకున్నారని విన్నాను. మరియానా ఏమైందో తెలియదు. తర్వాతి ఏడు నేను ఆ స్కూలు మార్చమని అడిగాను. దూరం ఎక్కువని చెప్పాను. నడిచి వెళ్ళొచ్చు.

సహస్రను వెతికి పట్టుకోవడం ఈ రోజుల్లో కష్టం కాదు. ఒకసారి మెసేజ్ రాసి, చివర్లో ఒక జోకు కూడా పెట్టానని గమనించి, తుడిచేశాను. ఇప్పటికైనా చెప్పాలనుకునేది ఆమె కోసమా, నా నిద్ర కోసమా? రెండోదే అని అనుమానం. అయినా ఆమెకు నేను చెడ్డవాణ్ణని తెలియడం ముఖ్యం కాదు. మరియానా చెడ్డది కాదని తెలియాలి. ఇంత సులువైన తేడా అర్థం కావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అర్థమయ్యాక కూడా నేను పంపలేదు.

ఇంకో సంగతి ఇప్పుడే గమనించాను. ఇది కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఆ రోజులాగే మరియానా పేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఆమెకు మళ్ళీ ఒక్క ముక్క అర్థం కాదు. మీకు అర్థమవుతుంది. ప్రస్తుతానికి నా చేతనైంది ఇంతే.

సహస్రా, మరియానా చెప్పలేదు. నేను చెప్పాను. అడిగితే రెండోసారి కూడా చేసి చూపించాను.