మరియమ్మక్క తెరిపించిన తలుపు

మునిమనవరాలికి రుద్దడానికి ఆముదం వెచ్చబెట్టినప్పుడల్లా ఆ వాసనకు మరియమ్మక్క అరచేతులు గుర్తొస్తాయి. ఆళ్లగడ్డకు, చాగలమర్రికి నడుమనున్న మా ఊళ్లో ఆమె మంత్రసాని. చర్చికి పోయే మనిషి. రెడ్ల ఇళ్లలో కాన్పులూ ఆమె చేతుల మీదే. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. నాకు పని నేర్పింది ఆమే. ఆమె దగ్గర పాత చీర ముక్క కూడా వృథా పోయేది కాదు. ఆ గుణం నాకూ పట్టుకుంది. ఇంట్లోవాళ్లు పిసినారి అంటారు, అననీ.

డెబ్బైల చివర్లో మా దిగులు ఒకటే. కష్టమైన కాన్పును నంద్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే మమ్మల్ని వాకిట్లోనే ఆపేసేవాళ్లు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో, బిడ్డ ఎట్లా తిరిగి ఉందో చెప్పబోతే వినేవాళ్లు లేరు. చెప్పవలసిన మాట చెప్పలేక ఒకసారి ఒక బిడ్డను పోగొట్టుకున్నాం.

ఆ మరునాడు మరియమ్మక్క, "లచ్చుమమ్మా, ఓట్లకు మన గడప తొక్కినాయన్ను మనం అడగకూడదా?" అంది.

"అడిగేదానికి మనమెవరమక్కా?"

"ఊరందర్నీ బయటికి తీసినోళ్లం. ఇంకెవరడగాల?"

చుట్టుపక్కల మంత్రసానులను పోగుచేస్తే ఐదుగురమయ్యాం. పొద్దున్నే ఆళ్లగడ్డలో ఎమ్మెల్యే ఇంటికి పోయాం. దండ కొందామని ఒకామె అంటే నేనే వద్దన్నాను. వాళ్లింట్లో మర్యాదగా మజ్జిగ తెచ్చిచ్చారు. మేం ముట్టలేదు. పనికి పోయిన ఇంట్లో బిడ్డ బయటపడేదాకా గుక్కెడు నీళ్లు తాగకపోవడం మా వృత్తిలో కట్టడి. మరియమ్మక్క ఆ పూటనూ కాన్పుగానే ఎంచింది. మధ్యాహ్నమైంది. ఆడవాళ్లు దీక్షకు దిగారని ఆయన మనుషులు లోపలికి పరుగెత్తారు.

ఎమ్మెల్యే ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు. "ఏందమ్మా, నా వాకిట్లో నిరాహారదీక్షా? నేనేం చేసినా?"

"దీక్ష కాదప్పా. పని కాందే నీళ్లు ముట్టం, అంతే" అంది మరియమ్మక్క.

"ఏం పని?"

"కాన్పుగదిలోకి మమ్మల్ని రానీమని నంద్యాల ఆసుపత్రోళ్లకు చెప్పు. వాళ్లకు చదువుంది. కాన్పుకొచ్చిన పిల్ల సంగతి మాకు తెలుసు. రెండూ లోపలుంటే బిడ్డ బతుకుతుంది."

ఆయన చెంబు అందుకుని చెయ్యి కడుక్కున్నాడు. "నేను చెప్తే వింటారో లేదో."

"చెప్పి చూడు. వినకుంటే మళ్లా వస్తాం. మజ్జిగ చెయ్యొద్దని మాత్రం ఇంట్లో చెప్పు."

ఆయన నవ్వేశాడు. తనే వచ్చి మాట్లాడతానని మాటిచ్చాడు, వారం తిరగకుండానే మాతో కలిసి నంద్యాల వచ్చాడు కూడా. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తోడుగా మాలో ఒకరు లోపలికి రావచ్చని అక్కడి డాక్టరమ్మ ఒప్పుకుంది.

ఆ నెలలోనే నేనొక తొలిచూలు పిల్లను తీసుకుపోయాను. నర్సు తలుపు తీసి, "వెంట వచ్చిన మంత్రసాని ఎవరు? లోపలికి రా" అంది. మోచేతుల దాకా కడుక్కుని వెళ్లాను. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయమ్మా?" అని అడిగింది. చెప్పాను. బిడ్డ కాళ్లు ముందున్నాయనీ చెప్పాను. ఆమె తలూపి, నేను చెప్పినదాన్ని బట్టే పనిలోకి దిగింది. గంటకల్లా మగబిడ్డ ఏడ్చాడు.

చదువుకున్న మనిషి నన్నొక సంగతి అడగడం అదే మొదలు. మరియమ్మక్క పోయాక కూడా మా మంత్రసానుల కోసం, తర్వాత వచ్చిన ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గర నేనే మాట్లాడాను. ఇప్పటికీ నా ఇంటి ముందు ఎవరైనా బెరుగ్గా నిలబడితే, ఎందుకొచ్చావని అడగను. నీకు తెలిసింది చెప్పమంటాను.