తెల్ల కారు, మా కుక్క

అరసవల్లిలో మా వీధి చివర ఒక లాడ్జి ఉంది. దాని యజమానికీ నాకూ పడదు. నేను పత్రికలో పనిచేసే రోజుల్లో ఆ లాడ్జి మురుగునీరు రోడ్డు మీదికి వస్తోందని రాశాను. ఆయన పైపు వేయించుకున్నాడు గానీ నన్ను క్షమించలేదు. నేనూ ఆయన క్షమిస్తాడని ఎదురుచూడలేదు. అవసరం పడి మాట్లాడితే 'ఇలేకరి గారూ' అంటాడు. 'గారు' అనే మాటను అంత అసహ్యంగా పలకగల మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా ఇంట్లో ఒక ఊరకుక్క ఉంది. ఏ కారు వచ్చినా వెంటపడేది గానీ, ఆయన తెల్ల కారు కనిపిస్తే మాత్రం పూనకమే. ముందు టైరు పక్కనే మొరుగుతూ మలుపు దాకా పరిగెత్తేది. గొలుసు వేస్తే అన్నం ముట్టేది కాదు. ఒకనాడు ఆయన మా గేటు ముందు కారు ఆపి అద్దం దించాడు.

"ఇలేకరి గారూ, ఇన్నాళ్లూ బ్రేకు ఏసినాను. ఇంక ఎయ్యను. తొక్కీసి ఎల్లిపోతాను. అదీ రాసుకోండి పేపర్లో."

ఊరికే బెదిరించే మనిషి కాదాయన. లోపల నా భార్య విన్నది. ఆ పూట కుక్క పక్కనే కూర్చుని అన్నం తిన్నది.

ఆమె తమ్ముడు వాళ్ల ఊళ్లో వరి పండిస్తాడు. సంగతి విని, చేలో పడి మేసే ఆవు మెడకు కట్టే గుదికర్ర ఒకటి చెక్కించి తెచ్చాడు. పరుగెత్తితే ముందుకాళ్లకు తగిలి ఆపే దుంగ అది. కుక్కకు పనికిరాదేమోనని నేను అన్నాను. అతనికి నవ్వొచ్చింది.

"ఆవుకి నాలుగు కాళ్లే కద బావా, దీనికీ నాలుగే. ఆ కాలేజీ సదువు పక్కనెట్టి తాడు పట్టుకో."

ఆవు కర్రను నోట కరుచుకోదని మా ఇద్దరికీ తట్టలేదు. కుక్క కొన్నాళ్లు కుంటుతూ తిరిగింది. తర్వాత కర్రను నోట పట్టుకుని పరుగెత్తడం మొదలుపెట్టింది. నోరు ఖాళీ లేదు కనుక మొరిగేది కాదు. అంతకుముందు మొరుగు విని డ్రైవర్లు జాగ్రత్తపడేవారు. ఇప్పుడు చప్పుడు లేకుండా వచ్చి టైరు పక్కన తేలేది. తెల్ల కారు తలుపు మీద ఆ కర్ర గీత కూడా పడింది. కుక్కకు ఆయుధం ఇచ్చి పంపుతున్నానని లాడ్జి ఆయన వీధంతా చెప్పాడు. కర్ర విప్పేశాం.

ఆ తర్వాత నేను నా పద్ధతి మొదలుపెట్టాను. భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె దగ్గర నెత్తళ్లు కొని, కుక్కను తాడుతో పట్టుకుని గేటు బయట నిలబడేవాణ్ణి. కారు వస్తే కూర్చోమనడం, కూర్చుంటే నెత్తళ్లు పెట్టడం. కార్లు చాలవని బెంగపడ్డాను. ఆ కొరత లాడ్జి ఆయనే తీర్చాడు. నేను ఏం చేస్తున్నానో కనిపెట్టి, దాన్ని చెడగొట్టాలని పని లేకపోయినా మా వీధిలో తిరిగేవాడు. మా గేటు దగ్గరికి రాగానే హారన్ మీది చెయ్యి తీసేవాడు కాదు. మొదట్లో కుక్క తాడు తెంపుకునేంత పని చేసింది. రానురాను హారన్ వినగానే కూర్చుని నా చేతి వంక చూడసాగింది. పగతో తిరిగినవాడి పెట్రోలు నా కుక్కకు పాఠమైంది. నేను థాంక్స్ చెప్పలేదు.

ఒక ఆదివారం గుడికి వెళ్లే జనంతో వీధి నిండిపోయి ఉంది. ఎవరో మా గేటు తీసి వదిలేశారు. నేను చూసేసరికి కుక్క నడిరోడ్డు మీద ఉంది. తెల్ల కారు మలుపు తిరిగి, అలవాటుగా హారన్ కొట్టింది. కుక్క పరుగెత్తలేదు. ఉన్నచోటే, కారుకు ఎదురుగా కూర్చుంది. దానికి మేం నేర్పింది కూర్చోవడమే. పక్కకు తప్పుకోవడం నేర్పలేదు.

నా వెనక నా భార్య అరవబోయి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. కారు ముందుభాగం కిందికి వంగి, కుక్కకు జానెడు దూరంలో ఆగింది. కుక్కను చూసి ఆపాడో, గుడికి వచ్చిన జనం చూస్తున్నారని ఆపాడో నాకు తెలియదు. ఆయనకు మంచి పేరు పెట్టే పని నాది కాదు.

ఆపినవాడు హారన్ మాత్రం ఆపలేదు. ఆయన కొట్టేకొద్దీ కుక్క ఇంకా నిటారుగా కూర్చుంటోంది. వెనక ఆటోలు బారు తీరాయి. నేను దగ్గరికి వెళ్లి అద్దం తట్టాను.

"హారన్ ఆపితే అది లేస్తుంది."

"నువ్వు సెప్తే నేను ఆపాలేటి?"

ఇద్దరం అలాగే ఉన్నాం. వెనక ఆటో అతను దిగి వచ్చి, ఎవరి కుక్కో ఎవరి కారో తనకు అక్కర్లేదనీ, ఎండలో ముసలాళ్లు ఉన్నారనీ ఇద్దర్నీ కలిపి తిట్టాడు. లాడ్జి ఆయన హారన్ మీది చెయ్యి తీశాడు. కుక్క లేచింది. నా భార్య దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది.

ఇప్పుడు ఆయన మా ఇంటి ముందు నుంచి హారన్ కొట్టకుండా, నెమ్మదిగా వెళ్తాడు. కుక్క అరుగు మీద పడుకునే ఉంటుంది. ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోం.